గాలికి తొవ్వ

చిక్కడపల్లిలో గాలితో నడిచే వ్యవహారాలు మొదట్నుంచీ ఎక్కువే. త్యాగరాయ గానసభలో వేణుగానం గాలితో నడుస్తుంది. అదే వేదిక మీద "రెండే రెండు మాటలు చెప్పి ముగిస్తాను" అంటూ మైకు పుచ్చుకున్న సన్మానసభ వక్త గంటసేపు నడిచేదీ దాంతోనే. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఆగే బస్సుల బ్రేకులు గాలివి. ఇక నగర కేంద్ర గ్రంథాలయం మెట్ల మీద పొద్దున్నే పుట్టి, మధ్యాహ్నానికి అశోక్‌నగర్ టీకొట్లన్నీ తిరిగి, రాత్రికి నారాయణగూడ ఫ్లైఓవర్ దాటేసే "వచ్చేవారమే నోటిఫికేషనట" అన్న వార్త ఉందే, దాని ముడిసరుకు నూటికి నూరుపాళ్ళూ గాలే. అంచేత మా మేనల్లుడు గాలితో ఎదుటివాణ్ణి ఎత్తి పడేసే యంత్రం కడతానంటే మా అపార్ట్‌మెంట్‌లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఒక్క మా అక్క తప్ప.

అక్క బాధకు కారణముంది. వాళ్ళ వంటింటి కిటికీ తెరిస్తే కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు కనిపిస్తాయి. గ్రూప్-1 కొట్టినవాళ్ళ ఫొటోలు, పక్కన ర్యాంకులు, కింద ఫోన్ నంబర్లు. ఆ ఫొటోల మధ్య ఓ ఖాళీ జాగాను కొడుకు కోసం అక్క ఎప్పుడో మనసులో రిజర్వు చేసి పెట్టుకుంది. వాడేమో నారాయణగూడ వైపు కాలేజీలో మెకానికల్ మూడో సంవత్సరం.

"ఫ్లెక్సీకి ఎక్కాల్సినవాడు ఫ్లిప్పర్ అంటాడేంట్రా తమ్ముడూ? నువ్వైనా చెప్పు" అంది.

నేను చెప్పలేదు. సర్కారు కొలువులో రిటైరై, అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శిగా నీటి మోటారుకీ లిఫ్టుకీ మధ్య జీవితం గడుపుతున్న మనిషిని. ఇంట్లోనే ఒక యుద్ధం జరగబోతోందంటే చూడాలని ఉండదూ?

సంగతేమిటంటే, రిమోట్‌తో నడిచే రెండు ఇనప బళ్ళను అద్దాల పంజరంలో వదిలి, మూడు నిమిషాలపాటు కొట్టుకోమంటారు. ఈ ముచ్చటను 1994లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మార్క్ థోర్ప్ అనే ఆయన మొదలుపెట్టాడు. 1998 నుంచి బీబీసీ 'రోబో వార్స్' పేరుతో దాన్ని ఇంటింటికీ చేర్చింది. మన దేశంలో ఐఐటీ బాంబే టెక్‌ఫెస్ట్‌లో చూడ్డానికి జనం విరగబడే పోటీ ఇదే. కొందరి రోబోకు గిరగిరా తిరిగే కత్తి ఉంటుంది. కొందరిది సుత్తి. మా వాడి ఆరాధ్యదైవానికి ఇవేవీ లేవు. దాని పేరు కేయాస్ 2. జార్జ్ ఫ్రాన్సిస్ అనే ఇంగ్లిష్ ఆయన కట్టాడు. వీపు మీద ఒక పలక, పలక కింద గ్యాస్‌తో తన్నే పిస్టన్, అంతే దాని ఆయుధం. ఇలాంటివాటినే ఫ్లిప్పర్లంటారు. ఎదుటి రోబో పలక మీదికి రాగానే ఒక్క తాపు. ఎగిరి గోడ అవతల పడేది. అలా మూడో సిరీస్, నాలుగో సిరీస్ వరసగా గెలిచేసింది.

"మావయ్యా, చీల్చడం చంపడం ఏం లేదు. ఎత్తి అవతల పెట్టడమే" అన్నాడు మా వాడు. అహింసావాదిగా మాట్లాడుతున్నాడు కదా అని అపార్ట్‌మెంట్ మేడ మీద ప్రయోగాలకు సంఘం తరఫున అనుమతి ఇచ్చేశాను.

పేరు పెట్టింది మా పక్క బిల్డింగ్ మాస్టారు. తెలుగు పండితులుగా రిటైరై, మా మేడనీ వాళ్ళ మేడనీ విడదీసే పిట్టగోడ మీద మోచేతులాన్చి లోకాన్ని పరిశీలిస్తూ ఉంటారు. "దుందుభి అనే రాక్షసుడి కళేబరాన్ని ఒక్క విసురున యోజనం దూరం పారేసినవాడు వాలి. విసరడమే వీడి వృత్తి అయితే అంతకు మించిన పేరేముందోయ్?" అన్నారు. రోబో నుదుటి మీద ఎర్ర రంగుతో 'వాలి' అని రాశారు కుర్రాళ్ళు.

ఇక వాలి కండబలం. రాణిగంజ్ వెళ్ళి ఫ్యాక్టరీల్లో వాడే గాలి సిలిండర్ ఒకటి కొనుక్కొచ్చారు. అల్యూమినియం గొట్టం, రెండు పక్కలా రెండు మూతలు, నాలుగు పొడుగాటి టై రాడ్లతో బిగింపు, లోపల పిస్టన్. గొట్టం లోపలి వ్యాసం 63 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం 100. లెక్క సులువు. పిస్టన్ ముఖం వైశాల్యం 31 చదరపు సెంటీమీటర్లు. పోటీ నిబంధనల ప్రకారం గాలి ఒత్తిడి 8 బార్ దాటకూడదు. రెండూ గుణిస్తే దాదాపు 250 కిలోల తోపుడు. కాగితం మీద అయితే 30 కిలోల రోబోను 80 సెంటీమీటర్ల పైకి లేపాలి. మా వాడు ఆ కాగితాన్ని లామినేషన్ చేయించాడు.

మొదటి ప్రయోగం రోజు మేడ మీద జనం కుర్చీలేసుకున్నారు. పలక మీద 30 కిలోల ఇసుక బస్తా పెట్టారు. మీట నొక్కారు. పలక లేచింది. ఎలా లేచిందంటే, గిట్టని చుట్టం గుమ్మంలోకి వస్తే మర్యాద కోసం పడక్కుర్చీలోంచి లేచే పెద్దాయనలా లేచింది. బస్తా కొంచెం ఒరిగి, మళ్ళీ సర్దుకుని కూర్చుంది.

"వాలి కాదోయ్, ఇతను ధర్మరాజు" అన్నారు మాస్టారు.

ఆ క్షణం నుంచి సలహాల వాన. అన్ని సలహాల సారాంశం ఒక్కటే, ప్రెషర్ పెంచమని. వాచ్‌మన్ అన్నాడు, మా బావ అన్నాడు, ఇస్త్రీ బండి అతనూ అన్నాడు. పెంట్‌హౌస్‌లో అద్దెకుంటూ గ్రూప్స్‌కి చదివే కుర్రాడైతే స్వానుభవం చెప్పాడు.

"మా కోచింగ్‌లో కూడా వారం వారం ప్రెషర్ పెంచుతారంకుల్."

"మరి ఫలితం?"

"కటాఫ్ కూడా పెరిగింది."

నిబంధనల్లో 8 బార్ అని ఉంది కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. అయినా వాడి మిత్రబృందంలో ఒకడి చూపు మా కారిడార్‌లో వేలాడే కార్బన్ డయాక్సైడ్ ఫైర్ సిలిండర్ మీద పడింది. ఇంగ్లండ్‌లో కేయాస్ 2 వాడిందీ ఆ గ్యాసే కదా అని వాదన. సంఘం ఆస్తి జోలికి వచ్చేసరికి నాలోని గుమాస్తా మేల్కొన్నాడు. రిటైరైనవాడికి నిబంధనల పుస్తకం దొరకడమంటే మామిడిపండు దొరికినట్టే. 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నిబంధనలు తీసి, ఇలాంటి సిలిండర్లను ఎక్కడ పడితే అక్కడ నింపకూడదనీ, వీటిని చూసుకోడానికి నాగ్‌పూర్‌లో ప్రధాన కార్యాలయంతో ఒక శాఖే ఉందనీ చదివి వినిపించాను. ఎవరూ భయపడలేదు.

వాళ్ళను ఆపింది నేను కాదు, హైదరాబాద్ ఎండ. ఆ గ్యాస్ సిలిండర్‌లో ద్రవంగా ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర దాని ఒత్తిడి 57 బార్. చలిదేశంలో బుద్ధిగా పడి ఉంటుంది. 31 డిగ్రీలు దాటిందా, అది ద్రవమూ కాదు, వాయువూ కాదు, రెండింటికీ తేడా ఉండని మరో స్థితికి పోతుంది. నిండు సిలిండర్ అయితే అక్కణ్నుంచి ఎండతోపాటు ఒత్తిడి చకచకా ఎక్కిపోతుంది. 31 డిగ్రీలంటే మన ఊళ్ళో ఫిబ్రవరి మధ్యాహ్నం. మే నెల్లో మేడ మీద దాన్ని పక్కన పెట్టుకుని కూర్చునే ధైర్యం ఎవరికుంది? పోనీ నీడలో వాడితే అదింకో తంటా. వరసగా నాలుగు తాపులు తన్నేసరికి లోపలి ద్రవం మరిగి మరిగి సిలిండర్ చల్లబడి, బయట మంచు పేరుకుని, లోపలి రబ్బరు రింగులు బిగుసుకుపోయి, ఐదో తాపు నీరసపడుతుంది. పోటీవాళ్ళు దాన్ని ఎటూ రానివ్వరని తేలాక, సర్టిఫికెట్ ఉన్న చిన్న గాలి ట్యాంకుతోనే సరిపెట్టుకున్నారు. ఫైర్ సిలిండర్ నా కళ్ళ ముందు మళ్ళీ మేకుకు తగిలింది.

అప్పుడు రంగంలోకి వచ్చాడు లేత్ తాత.

బాగ్‌లింగంపల్లి దాటగానే అజామాబాద్ పారిశ్రామికవాడ. వీఎస్టీ సిగరెట్ల ఫ్యాక్టరీ తప్ప అక్కడింకేం ఉందో మన పేటల్లో చాలామందికి తెలీదు. ఒక షెడ్డులో తాత, తాత కంటే పాత లేత్ మిషనూ ఉంటాయి. తాత వయసులో ఉన్నప్పుడు కవాడిగూడ ప్రాగా టూల్స్‌లో పనిచేశాడు. 1943లో పుట్టిన కంపెనీ. దేశానికి లేత్ చక్‌లు చేసిచ్చిన చోటు. ఆ చేయి ఇప్పుడు ఆటోల బుష్‌లు తిప్పుతోంది. మా వాడు లామినేషన్ కాగితం చూపించాడు. తాత దాన్ని ఎండ తగలకుండా కళ్ళకు అడ్డం పెట్టుకుని సిలిండర్ వైపు చూశాడు.

"గీ రాడ్ పట్టి గుంజు బిడ్డా" అని, ముందు మూతకున్న రంధ్రాన్ని బొటనవేలితో మూశాడు.

వాడు గుంజాడు. రాలేదు. ఇద్దరు కలిసి గుంజారు. వేలెడు కూడా రాలేదు. తాత వేలు తీశాడు. సుయ్‌మంటూ గాలి వెళ్ళిపోయి, రాడ్ జర్రున బయటికొచ్చి, ఇద్దరూ వెనక్కి పడ్డారు.

"ఎన్కకెల్లి ఎంత నూకితే ఏం ఫాయిదా? ముంగటున్న గాలి యాడికి పోవాలె? దానికి తొవ్వ ఇయ్యాలె."

అక్కడితో మా వాడి నాలుగేళ్ళ చదువులో ఒక సెమిస్టర్ పూర్తయింది. ఫ్యాక్టరీ సిలిండర్‌లో పిస్టన్‌కు రెండు వైపులా గాలి ఉంటుంది. వెనక గాలి తోస్తుంటే ముందు గాలి చిన్న రంధ్రంలోంచి, సన్నని గొట్టంలోంచి, వాల్వ్‌లోంచి దారి వెతుక్కుని పోవాలి. అది పోయేదాకా పిస్టన్ ఆగాలి. వెనక నుంచి వచ్చే గాలికీ అదే అవస్థ. ఇరుకు రంధ్రంలో గాలి ధ్వని వేగాన్ని అందుకున్నాక అంతకంటే జోరుగా పరిగెత్తదు, అవతల ఎంత ఖాళీ ఉన్నా సరే. ఒత్తిడికి నిబంధన హద్దు గీసింది. వేగానికి ప్రకృతి గీసింది. మిగిలింది రంధ్రం ఒక్కటే.

తాత పనంతా తీసేయడమే. వెనక మూతలో మూడు సూత్ చూడీ (అంగుళంలో మూడు ఎనిమిదోవంతుల మర) తీసేసి అరంగుళం చూడీ వేశాడు. 12 మిల్లీమీటర్ల రంధ్రం 18 అయ్యింది. వ్యాసం ఒకటిన్నర రెట్లే, గాలికి దారి మాత్రం రెండింతలకు పైనే. ముందు మూతకు చుట్టూ బెజ్జాలు కొట్టి బార్లా తెరిచేశాడు. పిస్టన్‌ను వెనక్కి తోయడానికి గాలెందుకని ఆ గొట్టం పీకేశాడు. స్కూటర్ వెనక సామాను కట్టే రబ్బరు తాళ్ళు రెండు తగిలించి, "ఇవ్వి గుంజుతయి" అన్నాడు. ట్యాంకు నుంచి వాల్వ్ దాకా ఉన్న బారెడు పైపు తీసేసి, చిన్న ట్యాంకు ఇంకోటి సిలిండర్ పక్కనే కూర్చోబెట్టాడు. ఏ వాల్వ్ కొనాలన్న ప్రశ్నకు జవాబు తాతకు బస్సులిచ్చాయి. బ్రేకు వదలగానే బస్సు బుస్సుమంటుంది కదా, ఆ గాలి వచ్చిన దారిన వెనక్కి పోకుండా అక్కడికక్కడే బయటపడితే గానీ చక్రం వదలదు. "గసొంటి వాల్వే గావాలె. ఒక్కపారి తెరిస్తే మొత్తం ఇడవాలె." కుర్రాళ్ళు రాణిగంజ్‌లో క్విక్ ఎగ్జాస్ట్ వాల్వ్ వెతికి తెచ్చారు.

చివరికి కుషన్ వంతు వచ్చింది. ఈ భాగాన్ని నేను చేతిలోకి తీసుకుని చూశాను. పిస్టన్ కొసకు చేరబోతుండగా ఒక బుష్ మూతలోని రింగులోకి దూరి, మిగిలిన గాలిని బంధిస్తుంది. ఆ గాలి సూదంత దారిలోంచి నెమ్మదిగా వెళ్తుంది. పిస్టన్ దెబ్బ తగలకుండా, చప్పుడు కాకుండా, మర్యాదగా ఆగుతుంది. పెన్షన్ మీద బతుకుతున్న మనిషిని, నాకు దాని మీద వెంటనే గౌరవం కలిగింది. అశోక్‌నగర్‌లో వేలాది మంది కుర్రాళ్ళు రీడింగ్ రూముల్లో రాత్రింబవళ్ళు కూర్చునేది జీవితంలో ఇదొకటి బిగించుకుందామనే కదా! మా వాడు తాతకు డబ్బిచ్చి మరీ దాన్ని పీకించాడు.

అయితే తాత పీకి ఊరుకోలేదు. "తీసినకాడ తీసినట్టు ఇడ్శిపెట్టొద్దు. దాని పని ఇంకోడు చెయ్యాలె" అన్నాడు. కుషన్ లేకపోతే పిస్టన్ వచ్చి మూతను గుద్దుతుంది. ఆ నాలుగు టై రాడ్లూ సాగుతాయి, లేదా మూతే ఊడి ఎవడి మొహం మీదికో వస్తుంది. అందుకని లారీల సామాను బిగించే నైలాన్ బెల్టు ముక్క తెచ్చి పలకకూ చట్రానికీ కట్టాడు. పిస్టన్ మూతను ముట్టేలోపే బెల్టు పలకను పట్టి ఆపుతుంది. బెల్టు తప్పితే కాచుకోడానికి పాలీయురిథేన్ దిమ్మె. పనిలేనప్పుడు పలక లేవకుండా అడ్డంగా ఇనప మేకు, గాలంతా ఒక్కసారి వదిలేయడానికి చేత్తో తిప్పే వాల్వ్. మా ఆఫీసులో ఆఫీసర్ బదిలీ అయితే ఇన్‌ఛార్జిని వేయకుండా రిలీవ్ చేసేవాళ్ళు కాదు. తాత ఏ ఫైలూ చదవకుండానే ఆ సూత్రం పాటించాడు.

ఇంటికి రాగానే అక్క బిల్లు చదివింది. చూడీ తీసినందుకు ఇంత, కుషన్ తీసినందుకు ఇంత, బెజ్జాలకింత. పక్కన పేపరు పొట్లంలో మిలమిలలాడే అల్యూమినియం రజను, తాత గుర్తుగా ఇచ్చింది.

"కొత్త సిలిండర్ కొన్నారు. డబ్బిచ్చి దాన్లో సామాను తీయించుకొచ్చారు. మిగిలిన రజను పొట్లం కట్టించుకొచ్చారు. అంతేనా?"

"అంతే అక్కా."

"అదే పని నేను ఇంట్లో అప్పడాల కర్రతో ఉచితంగా చేసిపెడుదును."

అక్క మాటలో న్యాయం లేకపోలేదు. ఆ సిలిండర్‌ను మొదట గీసిన ఇంజినీర్ మూర్ఖుడు కాదు. వాడి లెక్కలో అది ఏదో బిస్కట్ల ఫ్యాక్టరీలో రోజంతా, ఏళ్ళ తరబడి డబ్బాలు తోయాలి. మెల్లగా కదలాలి, మెల్లగా ఆగాలి, గాలి ఆదా చేయాలి. మనం అడ్డమని పీకినవన్నీ వాడి ముందుచూపే. మా వాడికి కావాల్సింది మూడు నిమిషాల బతుకు, అందులో పది పదిహేను తాపులు. ఆయుష్షు అమ్మి జోరు కొనడమన్నమాట. ఈ బేరం బాగా తెలిసిన మనిషి ఒకడున్నాడు, అలెగ్జాండర్ రోజ్. అమెరికా 'బాటిల్‌బాట్స్' షోలో ప్రత్యర్థుల్ని గాల్లోకి విసిరి పేరు తెచ్చుకున్న బ్రాంకో అనే రోబోను కట్టిన ఇనర్షియా ల్యాబ్స్ జోడీలో ఒకడు. రెండోవాడు రీజన్ బ్రాడ్లీ. ఈ రోజ్ గారు చేసిన మరో ఉద్యోగమేమిటో తెలుసా? లాంగ్ నౌ ఫౌండేషన్ వారి కోసం 10,000 ఏళ్ళు నడవాల్సిన గడియారం నిర్మాణం చూసుకోవడం! ఒక చేత్తో రెప్పపాటులో పని ముగించే పిస్టన్, ఇంకో చేత్తో వంద శతాబ్దాల గడియారం. ఈ విషయం అక్కకు చెప్పి, కుర్రాడి భవిష్యత్తుకేం ఢోకా లేదన్నాను. "ఆ గడియారం ఆయనకు జీతమిస్తుందా?" అని మాత్రం అడిగింది.

రెండో ప్రయోగం. ఇసుక బస్తా పెట్టారు. ఈసారి పలక లేవడం నేను చూడలేదు. లేచి ఉండడం చూశాను, అంతే. బస్తా మోకాలెత్తు ఎగిరి, గాల్లోనే బోర్లాపడి, కుట్లు తెగి ఇసుకంతా కక్కింది. ధర్మరాజు వాలి అయ్యాడు. చప్పట్లు. అంతటితో ఆగితే బాగుండేది. ఇంజినీరింగ్ కుర్రాళ్ళు చప్పట్ల దగ్గర ఆగరు. "తేలికైంది పెడితే?" అన్నాడొకడు. ఎవరో లేచి వెళ్ళడంతో ఖాళీ అయిన ప్లాస్టిక్ స్టూలు కనిపించింది.

స్టూలు పిట్టగోడ దాటింది. అవతల మేడ మీద మాస్టారి ఇల్లాలు గుమ్మడి వడియాలు పెట్టిన పాత చీర పరిచి ఉంది. సరిగ్గా దాని నడిమధ్య, నాలుగు కాళ్ళూ ఆకాశంవైపు పెట్టి దిగింది.

మాస్టారు పిట్టగోడ మీంచి చూశారు. ఆయనలో కోపమూ పాండిత్యమూ కాసేపు పెనుగులాడాయి. పాండిత్యం గెలిచింది.

"వాలి విసిరిన దుందుభి కళేబరం నెత్తురు చుక్కలు ఎక్కడ పడ్డాయో ఎవరైనా చెప్పగలరా?"

ఎవరూ చెప్పలేదు.

"మతంగ మహర్షి ఆశ్రమంలో. అప్పుడాయన ఏమని శపించాడు? వాలి ఈ కొండ మీద అడుగుపెడితే చస్తాడని. పేరు పెట్టినప్పుడు ఈ ఘట్టం నాకు తోచలేదర్రా. మా ఆవిడ కింద నుంచి వస్తోంది. ఆవిడ మతంగ మహర్షి కంటే కోపిష్ఠి. మీ వాలి ఈ మేడ మీద ఇంకో అయిదు నిమిషాలు ఉంటే ఆ తర్వాత పూచీ నాది కాదు."

వాలిని లిఫ్టులో సెల్లార్‌కు దించారు. మేడ మీద ప్రయోగాలు నిషేధమని సంఘం తరఫున నోటీసు అంటించాను. ఆ నోటీసు కింద ఎవడో 'ఋష్యమూకం' అని పెన్సిల్‌తో రాశాడు. చేతిరాత చూస్తే మాస్టారిదే.

పోటీ ఊరి శివార్లలోని ఓ కాలేజీలో. తాతను కారు ముందు సీట్లో కూర్చోబెట్టుకుని వెళ్ళాం. మొదట తూకం. హద్దు 30 కిలోలు. వాలి కొంచెం ఎక్కువ తూగాడు. కుర్రాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తీసేయడం రుచి మరిగిన చేతులు. స్పానర్లు బయటికొచ్చాయి. తాత టీకి వెళ్ళి వచ్చేలోగా ఒక పక్క రేకు పోయింది, అలంకారపు కొమ్ములు పోయాయి, గాలి పైపు మీద కప్పిన ఇనప గార్డు పోయింది. ముల్లు 30 దగ్గర ఆగింది. తాత గార్డు లేని పైపును చూసి ఏదో అనబోయాడు. ఇంతలో పేరు పిలిచారు.

మొదటి ప్రత్యర్థికి అడ్డంగా తిరిగే పొడుగాటి కడ్డీ ఉంది. అది తిరుగుతుంటే వచ్చే హోరుకే సగం ధైర్యం పోతుంది. మా వాడు రిమోట్ పట్టుకుని వాలిని దూరదూరంగా తిప్పాడు. ఫ్లిప్పర్‌కున్న కష్టమంతా ఇక్కడే. ఎంత తాపున్నా, ఎదుటివాడు పలక మీదికి రావాలి, వచ్చిన క్షణంలోనే తన్నాలి. ముందు తన్నితే గాలి దండగ. తర్వాత తన్నితే వాడుండడు. ప్రతి తాపుకూ ట్యాంకు తరుగుతుంది. రెండుసార్లు ఉత్త గాలి తన్నాక, మూడోసారి ఆ కడ్డీవాడు గోడను గుద్దుకుని ఒక్క లిప్త తడబడ్డాడు. పలక వాడి కిందికి దూరింది. టప్! వాడు లేచి, బోర్లాపడి, చక్రాలు ఆకాశంలో తిప్పుకుంటూ ఉండిపోయాడు. రిఫరీ అంకెలు లెక్కపెట్టాడు. కాలేజీ మొత్తం "వాలి! వాలి!" అని అరిచింది. మా బావ జీవితంలో మొదటిసారి ఈల వేశాడు.

రెండో ప్రత్యర్థి చూడ్డానికి పొట్టిగా, ముందు పళ్ళున్న డ్రమ్ముతో వచ్చాడు. వాలి వాణ్ణి ఒకసారి ఎత్తాడు. వాడు నిలువుగా లేచి మళ్ళీ చక్రాల మీదే పడ్డాడు. పడీపడగానే తిరిగి వచ్చి వాలి పక్కను కొరికాడు. రేకు లేని పక్క. గార్డు లేని పైపు. ఒక్క పన్ను చాలింది. బుస్సుమని, ట్యాంకులో ఉన్న 8 బార్ల గాలీ ఒక్కపెట్టున బయటికొచ్చేసింది. పంజరంలో దుమ్ము లేచింది. మా వాడు మీట నొక్కుతూనే ఉన్నాడు. వాలి పలక కదల్లేదు.

అందరం తాత వైపు చూశాం. ఆయన మొహంలో బాధ లేదు. పనివాడు పనివాణ్ణి మెచ్చుకునే చూపు ఉంది.

"మనం గాలికి అరంగుళం తొవ్వ ఇచ్చినం బిడ్డా. వాడు దర్వాజనే తెరిశిండు."

తిరుగు ప్రయాణంలో మా వాడు నోటు పుస్తకం తీసి వచ్చే ఏడాది జాబితా రాయడం మొదలుపెట్టాడు. మొదటి పద్దు, గార్డు తిరిగి బిగించాలి. రెండోది, దాని బరువుకు బదులుగా ఏం తీసేయాలో తాతను అడగాలి. మూడోది, మాస్టారి ఇంటికి గుమ్మడికాయ. తాత ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, ఏది తీసినా ఇంకోణ్ణి ఇన్‌ఛార్జి పెట్టుమన్నాడు. ఆ మాట నా దగ్గర్నుంచే పట్టుకున్నట్టున్నాడు.

ఇంటి దగ్గర అక్క గుమ్మంలోనే ఉంది. ఓడిపోయిన సంగతి బావ ఫోన్లో చెప్పేసినట్టున్నాడు, పల్లెత్తు మాట అనలేదు. కొడుక్కి దిష్టి తీసి, తాతకు కాఫీ ఇచ్చి, నోటు పుస్తకం తీసుకుని జాబితా పైనుంచి కిందికి చదివింది. పెన్ను అడిగి కింద తనూ ఒక పద్దు చేర్చింది.

"మూత తీశావు, కుషన్ తీశావు, గార్డు తీశావు, పక్కింటావిడ వడియాల ప్రాణం తీశావు. తీయడంలో ఇంత చేయి తిరిగినవాడివి, ఆ ఒక్క బ్యాక్‌లాగ్ కూడా తీసెయ్యి నాయనా."

తాత ఆసక్తిగా, అది ఏ సబ్జెక్టని అడిగాడు. మా వాడు కాఫీ గ్లాసులోకి చూస్తూ చెప్పాడు.

"ఫ్లూయిడ్ మెకానిక్స్."